ముడికి రెండు కొసలు

మా పడగ్గది తలుపు పక్కన మేకుకి ఒక పాత చీర అంచు వేలాడుతూ ఉంటుంది. ఎర్రటి వెంకటగిరి అంచు, మూడు మూరలుంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళ కళ్ళు ముందు దానిమీదే పడతాయి. అదేమిటని అడిగేవాళ్ళు తక్కువ. తమకు తోచిందేదో అనుకొని, కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ.

దాని కథ చెప్పాలంటే ముందు మా అత్తగారి గురించీ, తర్వాత ఇరాన్ దేశం గురించీ చెప్పాలి. నవ్వకండి. రెండింటికీ సంబంధం ఉంది. "సంబంధం" అన్నాను కదా, అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది.

మా అత్తగారికి 84 ఏళ్ళు. మామగారు తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. ఆయన పోయిన నాడు కూడా కొంగు బిగించి, వచ్చినవాళ్ళకు తనే ధైర్యం చెప్పిన మనిషి ఆవిడ. అటువంటి మనిషికి రెండేళ్ళ కిందట మరుపు మొదలైంది. ముందు పొయ్యిమీద పాలు మరిచిపోయింది. తర్వాత మనవళ్ళ పేర్లు. తర్వాత నా పేరు. అయితే నేను ఆ ఇంటి కోడలినన్న సంగతి మాత్రం మరిచిపోలేదు. అదొక్కటీ ఏ అత్తగారూ మరిచిపోరు కాబోలు!

పగలు ఫరవాలేదు. రాత్రులతోనే చిక్కు. తెల్లవారుజామున మూడింటికి లేచి, "జమాబందీకి దొర వస్తాండాడు, వంట కావల్ల" అని గడియ తీసుకొని బయలుదేరేది. ఒకసారి గోవిందరాజస్వామి కోనేటి మెట్లమీద కూర్చొని ఉంటే పాలు పోసే అబ్బాయి గుర్తుపట్టి తీసుకొచ్చాడు. రెండోసారి మా గడప దగ్గరే పడింది. ఎడమ మణికట్టు విరిగింది.

మా తిరుపతి, చిత్తూరు వైపు ఎముక విరిగితే మొదట నోటికొచ్చే మాట పుత్తూరు కట్టు. ఎక్స్‌రే తీయించుకొని మేమూ పుత్తూరు పక్కన రాచపాళెం వెళ్ళాము. ఆకుపసరు, వెదురు బద్దలు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ - ఇంతే వైద్యం. మా అత్తగారు గుడ్డు పేరు చెబితే గిన్నె బయట పారేసే మనిషి. ఆ రోజు మరుపే మమ్మల్ని కాపాడింది. కట్టు కట్టినాయన చివర్లో, ఫలానా రోజు వచ్చి విప్పించుకోండి అని చెప్పి పంపాడు. ఆ మాట అప్పుడు నా చెవికి పెద్దగా ఎక్కలేదు.

చూడవచ్చిన చుట్టాల్లో ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, "రాత్రిపూట రెండో చెయ్యి మంచానికి కట్టెయ్యి మే. తప్పేముండాది? ఆమె మంచికే కదా" అంది. మావారు విని, అవుననకుండా కాదనకుండా వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు. మగవాళ్ళకు అదొక సౌకర్యం.

ఆ రాత్రి నేనే కట్టాను. మెత్తగా ఉంటుందని పాత చీర అంచు చింపాను. మంచి చేతికి ఒక చుట్టు, మంచం కోడుకు ఒక ముడి. నెల రోజుల తర్వాత ఆ రాత్రే కంటినిండా నిద్రపోయాను. నిజం చెప్పాలి కదా, హాయిగా నిద్రపోయాను. పొద్దున లేచి చూస్తే ఆవిడ కళ్ళు తెరుచుకొనే ఉన్నాయి. ఎప్పటినుంచి మేలుకొని ఉందో! మణికట్టు ఎర్రగా కందిపోయింది. నన్ను చూసి, "నేనేం దొంగతనం చేసినా మే, కట్టేసినారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

ఆ వారంలోనే మా ఆడపడుచు కొడుకు అవ్వను చూడడానికి వచ్చాడు. భాషల మీద పరిశోధన చేస్తున్నాడు. సాయంత్రం బియ్యం వస్తే ఆ బస్తా సామాన్ల గదిలోకి చేరవేస్తున్నాడు. "ఎలకలున్నాయి నాయనా, బస్తా మూతి బందోబస్తుగా కట్టు" అన్నాను. వాడు ఫక్కున నవ్వి, "అత్తా, ఒక్క వాక్యంలో మూడుసార్లు కట్టేసినావు!" అన్నాడు.

ఎట్లాగంటే, ఇట్లాగట.

పారశీకంలో 'బస్తా' అంటే కట్టబడినది, మూట. 'బందోబస్తు'లో 'బంద్' అన్నా కట్టే, 'బస్త్' అన్నా కట్టే. ఒకే క్రియకు రెండు రూపాలు. మధ్యలో 'ఓ' అంటే 'మరియు'. కట్టి, మళ్ళీ కట్టడమన్నమాట! మూడోది మన సొంత 'కట్టు'.

వాడి సంచిలో ఒక లావు పుస్తకం ఉంది. ఇరానీ భాషల్లోని క్రియలన్నిటికీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పే నిఘంటువు. 2007లో హాలండు దేశంలోని లైడెన్ నుంచి అచ్చయింది. అందులో ఈ 'బంద్' అనే క్రియ ముందు ఒక చుక్క గుర్తు ఉంది, నక్షత్రంలాగా. అదేమిటని అడిగాను. ఆ మాటను ఆ రూపంలో ఎవరూ రాసిపెట్టలేదట, ఎవరూ విన్నదీ లేదట. కూతుళ్ళ మాటల్ని పక్కపక్కన పెట్టి, తల్లి మాట ఇట్లా ఉండివుండాలి అని పండితులు కట్టుకున్న ఊహ అట. మనం పెళ్ళిళ్ళలో ఇద్దరు ముగ్గురు మనవరాళ్ళ ముక్కులు చూసి, "వీళ్ళ అవ్వకు కోటేరుముక్కు అయ్యుండాల" అనుకోమూ? అట్లాగే. పోయినవాళ్ళు చుక్కలవుతారంటారు కదా, ఆ మాటకు నెత్తిన చుక్క ఉండడం నాకు సబబుగానే తోచింది.

ఆ తల్లికీ మన సంస్కృతానికీ ఇంకా పెద్ద తల్లి ఒకతి ఉందట. ఆమెకు ఇద్దరు కూతుళ్ళనుకోండి. ఒకతి ఇరాన్ వైపు కాపరానికి వెళ్ళింది, ఒకతి సింధునది దాటి మనవైపు వచ్చింది. మనవైపు వచ్చినామె పుట్టింటి ఒత్తు జాగ్రత్తగా దాచుకుంది. అందుకే మనది 'బంధం', ఒత్తు ధ. ఇరాన్ వెళ్ళినామె ఒత్తు జారవిడిచింది. అందుకే 'బంద్', ఉత్త ద. మనవైపు 'బద్ధ' అన్న రూపమే అక్కడ 'బస్త' అయింది. కంకణబద్ధుడిలో ఉన్న బద్ధుడూ, బియ్యం బస్తా ఒక కడుపున పుట్టినవే!

మనింటికి వచ్చినామె సంతానం మీకు తెలిసిందే: బంధువు, సంబంధం, అనుబంధం, ప్రబంధం, నిర్బంధం. వేల ఏళ్ళ తర్వాత రెండో అక్కచెల్లెలి సంతానం కూడా మన ఊళ్ళకే వచ్చి చేరింది. గోల్కొండ సుల్తానులు, మొగలులు, ఆర్కాటు నవాబుల కచేరీల వెంట వచ్చింది. 1801లో ఈ సీమ కుంఫిణీవాళ్ళ చేతికి పోయింది. నవాబులు పోయారు గాని మాటలు పోలేదు. బస్తా, బందోబస్తు, పెళ్ళికూతురి చేతికి బాజుబందు, ఊరంతా తలుపులు మూసే బంద్, ఏటా గ్రామ లెక్కలు తనిఖీ చేసి శిస్తు తేల్చే జమాబందీ.

జమాబందీ! ఆ మాట దగ్గర నేను ఉలిక్కిపడ్డాను. అత్తగారు తెల్లవారుజామున లేచి వెళ్ళేది దానికోసమే కదా. ఏభై ఏళ్ళ కిందట ఆ రోజుల్లో ఇంటికి పదిమంది భోజనానికి వచ్చేవారట. అందరికీ వండి వార్చి, కచేరీ అంతా మెచ్చుకున్న ఇల్లాలు. అన్నీ మరిచిపోయినా, తన అవసరం నలుగురికి ఉన్న ఆ రోజుల్ని మరిచిపోలేదు. అటువంటి ఒక 'బందీ' కోసం లేచిన మనిషిని నేను ఇంకో రకం బందీని చేశాను.

ఆ రాత్రి నిద్రపట్టక వాడి చేత ఇంకా చెప్పించుకున్నాను. ఇరాన్‌లో బిసుతూన్ అనే కొండ ఉందట. దానిమీద దరియవుషు చక్రవర్తి, క్రీస్తుకు పూర్వం 520 ప్రాంతంలో, తన విజయాలను మూడు భాషల్లో చెక్కించాడు. తిరగబడిన తొమ్మిదిమంది రాజులు వరసగా నిలబడి ఉంటారట, చేతులు వెనక్కి విరిచి కట్టి, మెడలన్నిటికీ ఒకే తాడు. ఫలానావాణ్ణి 'బస్త'గా నా దగ్గరికి తెచ్చారు అని రాయించుకున్నాడు. మన బియ్యం బస్తాలో ఉన్న మాటే! తన ప్రజల్నీ, సేవకుల్నీ ఆయన 'బందక' అన్నాడు. అదే తర్వాత 'బందా' అయింది. అంటే దాసుడు. మన తెలుగులో కట్టుబానిస అంటామే, అదే.

నాకు ఆశ్చర్యం వేసింది. ఒకే చుక్క కింద పుట్టిన మాట, ఒక ఇంట 'బంధువు' అయింది, ఒక ఇంట 'బానిస' అయింది. అయితే ఇరాన్ వాళ్ళను తప్పుపట్టాల్సిన పనిలేదు. వాళ్ళకీ 'పైవంద్' అనే మాట ఉంది. చుట్టరికాన్నీ అదే అంటారు, చెట్టుకు అంటు కట్టడాన్నీ అదే అంటారు. మామిడితోటల సీమలో పుట్టినదాన్ని, ఈ మాట ఎంత అందమైనదో నాకు వేరే చెప్పనక్కరలేదు. ఇటు మన సంస్కృతంలోనూ నిర్బంధం ఉంది. అటు ఇంగ్లీషులో 'బైండ్' కూడా ఈ వంశమే. స్నేహితుల మధ్య 'బాండ్' ఉందంటారు. 1976లో చట్టం చేసి మన దేశం నిషేధించిన వెట్టిచాకిరీని 'బాండెడ్ లేబర్' అంటారు. ఎక్కడికి వెళ్ళినా ఈ మాటకు రెండు ముఖాలే.

"అయితే 'హస్బెండ్'లో ఉన్నది కూడా ఈ కట్టేనా?" అని అడిగాను, మావారికి వినబడేటట్టు. కాదట! అది ఉత్తర ఐరోపా నుంచి వచ్చిన మాట. 'హస్' అంటే ఇల్లు, రెండో ముక్కకు అర్థం ఉండేవాడు, కాపరముండేవాడు. ఇంట్లో ఉండేవాడే హస్బెండట. వరండాలో నిలబడేవాణ్ణి ఏమంటారో ఆ పుస్తకంలో లేదు.

పోనీ, మన సొంతమాట 'కట్టు' ఏమైనా మేలా? తెలుగూ, తమిళమూ, కన్నడమూ ఒక కుటుంబమని మద్రాసు కలెక్టరుగా ఉన్న ఎల్లిస్ దొర 1816లోనే చూపించాడు. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో ఈ భాషల మాటలన్నిటికీ నిఘంటువు తెచ్చారు. అందులో మన 'కట్టు' కూడా ఉంది. మా చిత్తూరు సీమలో తమిళం మాట్లాడే పూలమ్మ అన్నా, కన్నడం మాట్లాడే పట్టుచీరలాయన అన్నా, మేమన్నా అదే మాట. కొస పలుకులో తేడా, అంతే. ఈ ఒక్క క్రియతో మన ఆడవాళ్ళ బతుకంతా వెళ్ళిపోతుంది, ఆలోచించండి. పూలు కడతాము. చీర కడతాము. తాళి కట్టించుకుంటాము. కొండకు ముడుపు కడతాము. అప్పుచేసి ఇల్లు కడతాము, దానికి పన్ను కడతాము. దెబ్బకు కట్టు కడతాము. సాయంత్రం పశువును గుంజకు కట్టేస్తాము. పూలకూ పశువుకూ క్రియ ఒకటే! భాష మనకు తేడా చెప్పదు. తేడా మనమే చూసుకోవాలి.

ఎట్లా చూసుకోవడం? నేను చిక్కుపడింది అక్కడే.

"ఆమె మంచికే కదా" అన్నది మొదటి జవాబు. అది చాలదు. లోకంలో ఎవరు ఎవర్ని కట్టినా ఆ మాటే చెబుతారు. దేశం క్షేమం కోసమని చక్రవర్తి చెబుతాడు. కూతురి మంచికని చదువు మాన్పించే తండ్రి చెబుతాడు. పైగా ఆ రాత్రి ముడివేసేటప్పుడు నేను అత్తగారి మంచి ఒక్కటే తలచుకున్నానా? నా నిద్ర తలచుకున్నాను. నలుగురూ ఏమంటారో అని తలచుకున్నాను. దానికి ఆమె మంచి అనే ముసుగు వేశాను. అన్నట్టు, 'అబద్ధం' కూడా ఈ వంశంలోదే. కట్టు లేనిది, పొందిక లేని మాట అని అర్థం. ఆ రాత్రి ఆవిడ చెయ్యి బద్ధం, నా మాట అబద్ధం.

అలాగని అసలు కట్టే వద్దంటే ఎట్లా? విప్పేసి వదిలేస్తే మూడింటికి కోనేటి మెట్లమీద ఉంటుంది. రెండో చెయ్యి కూడా విరుగుతుంది. స్వేచ్ఛ అని పేరుపెట్టి ముసలితల్లిని వదిలెయ్యడం కూడా ఒక రకం తప్పించుకోవడమే. అందులో ముడి లేదు, మనిషి కూడా లేడు.

అప్పుడు గుర్తొచ్చింది పుత్తూరు కట్టు. అది మంచాన వేసిన ముడి కన్నా గట్టి కట్టు. వెదురు బద్దలు పెట్టి బిగిస్తారు, వేలు కూడా కదలనివ్వరు. అయినా అత్తగారు దానిమీద కోపం తెచ్చుకోలేదు. ఎందుకని? అది అతకడానికి కట్టిన కట్టు. కట్టిననాడే విప్పే రోజు కూడా చెప్పిన కట్టు. నేను కట్టినదానికి విప్పే రోజు లేదు. ఈ రాత్రి, రేపు రాత్రి, ఆవిడ పోయేదాకా ప్రతి రాత్రీ. బందోబస్తు అంటే అదే కాబోలు, కట్టి, మళ్ళీ కట్టడం.

సరే, ఆవిడ మరుపు అతుక్కునే ఎముక కాదు. విప్పే రోజు నేను చెప్పలేను. మరి నా ముడిని ఏం చెయ్యను?

మర్నాడు రాత్రి ఆ చీర అంచే మళ్ళీ తీశాను. ఒక కొస ఆవిడ చేతికి వదులుగా చుట్టాను. రెండో కొస మంచం కోడుకు కట్టకుండా, కింద పరుపు వేసుకొని నా చేతికి కట్టుకున్నాను. ఆవిడ లేస్తే నేనూ లేస్తాను. అంతే, గొప్ప ఉపాయమేమీ కాదు. పసిబిడ్డల తల్లులు ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకొని పడుకునే ఉపాయమే.

పొరుగావిడ విని, "అయితే ఇప్పుడు నువ్వూ బందీవే కదమ్మా" అంది. ఆ మాటలో నిజముంది. నేను కొట్టిపారెయ్యను. ఎవరో ఒక్కరినే, అదీ ఎప్పుడూ కోడలినే, కట్టిపడేసి దానికి త్యాగమని పేరుపెట్టడం మన ఇళ్ళలో కొత్తది కాదు. అందుకే పదిరోజులయ్యాక మావారి ముందు ఆ కొస పెట్టాను. "మీ అమ్మే. ఒక రాత్రి మీరు, ఒక రాత్రి నేను" అన్నాను. ఆయన కాసేపు దాన్ని చూశారు. ఈసారి వరండాలోకి వెళ్ళలేదు. ఆ మాటకు అసలు అర్థం ఇంట్లో ఉండేవాడని ఆ రోజు విన్నారో లేదో నేను అడగలేదు.

అందరూ ఇట్లాగే చెయ్యాలని నేను చెప్పడం లేదు. రాత్రి డ్యూటీకి వెళ్ళే కోడళ్ళున్నారు. ఒంటరిగా తల్లిని చూసుకునే కూతుళ్ళున్నారు. ఆస్పత్రిలో గొట్టాలు పీకేసుకునే రోగి చెయ్యి కొంతసేపు పట్టి ఉంచక తప్పని వేళలున్నాయి. వాళ్ళను తప్పుపట్టడానికి నేనెవరిని? నేను కట్టిన ముడి నాకు తెలుసు. నా రెండు ముడుల్లోనూ గుడ్డ అదే, చెయ్యి అదే, భయం అదే. మారింది రెండో కొస ఒక్కటే. మంచం కోడుకు కట్టిననాడు ఆవిడ లేస్తే ఎవరికీ ఏమీ కాదు, ఆవిడకే నొప్పి. నా చేతికి కట్టుకున్ననాడు ఆవిడ కదిలితే నాకు కదలిక తెలుస్తుంది. ఒక కొస మాత్రమే లాగబడితే అది 'బందా'కు వేసే కట్టు. రెండు కొసలూ లాగబడితే బంధువు. పండితులు ఒప్పుకుంటారో లేదో గాని, ఆ తల్లిమాటకు నాకు తోచిన అర్థం ఇదీ.

ఇది కూడా సరిసమానమైన ముడి కాదని నాకు తెలుసు. నా కొస నేను విప్పుకోగలను. ఆవిడ తన కొస విప్పుకోవడం మరిచిపోయింది. అందుకనే పొద్దున లేవగానే ముందు ఆవిడ చెయ్యి విప్పి, తర్వాతే నాది విప్పుకుంటాను.

మొన్న రాత్రి నా వంతు. మూడింటికి చెయ్యి లాగింది. లేచి, "ఏమత్తా, ఏం కావల్ల?" అన్నాను. ఆవిడ చీకట్లో గుడ్డ తడుముకుంటూ ఉంది.

"ఈ కొస ఎవుర్ది మే?"

"నాదే అత్తా."

"నువ్వూ వస్తావా జమాబందీకి?"

"వస్తా. ఇంకా తెల్లారలేదు. తెల్లారినాక ఇద్దరం పోదాం."

"అట్లయితే సరే" అని పక్కకు తిరిగి పడుకుంది. నాకు మాత్రం మళ్ళీ నిద్రపట్టలేదు.